గవ్వల పందెము - ఎంచు విద్య

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాటమీద చౌటుప్పల్ ఉన్నది. ఆ సీమలో అష్టాచెమ్మా ఎరుగని ఇల్లు అరుదు. నాలుగు గవ్వలు వేయుదుము. అన్నియు వెల్లకిల పడిన నాలుగు. అన్నియు బోర్లపడిన ఎనిమిది. ఆ ఎనిమిదికై కాచుకొని యుండుటలోనే ఆట రుచి యున్నది.

ఒక్కొక్క గవ్వ రెండు విధముల పడవచ్చును గనుక నాలుగింటికి కలిసి 16 విధములు. అందు ఎనిమిది పడు విధము ఒక్కటే. రెండు పడు విధములు ఆరు. గవ్వ నోరును వీపును ఒక తీరుగా లేవు గదా యని ఆడువారు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 1713లో వెలువడిన యాకోబ్ బెర్నూలీ గ్రంథమున దీనికి జవాబు కలదు: పెక్కుమారులు వేసి లెక్కించిన కొలది గవ్వ నిజస్వభావము తేలును.

ఈ చింత మన కావ్యములకు కొత్తది కాదు. నన్నయ అరణ్యపర్వమున నలోపాఖ్యానము చెప్పెను. ఋతుపర్ణుడు రథముపై పోవుచు తాండ్రచెట్టును చూచినంతనే కాయల లెక్క చెప్పును. నలుడు నమ్మక, ఆగి ఎంచిచూడగా లెక్క సరిపోవును. అంతట ఋతుపర్ణుడు అతనికి అక్షహృదయమును ఉపదేశించును. పూర్వము జూదమాడినది ఆ తాండ్రకాయలతోనే యని తెలిసినపుడు కథ మరింత రుచించును. చూచి అంచనా కట్టుటకును, పాచిక మర్మమునకును చుట్టరికము కలదని ఆ కథకుడు ఎరుగును. గణితముగా మాత్రము అది 1654లో, పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచివారి ఉత్తరములలో రూపుదాల్చినది. నడుమ ఆగిన ఆటలో పందెపు సొమ్ము ఎట్లు పంచవలె నన్నదే వారి తగవు.

చౌటుప్పల్ చెలకలలో ఈ పందెము బోరుబావిది. మూడు బోర్లు ఎండిన రైతు, నాలుగవది పడకపోవునా యని అప్పు చేయును. గవ్వకు జ్ఞాపకము లేదు. ముమ్మారు ఎనిమిది రాకున్నను నాలుగవమారు అవకాశము మునుపటిదే. బోరు సంగతి వేరు. ఆ నేల అడుగు గట్టిరాయి. నీరు దాని పగుళ్లలోనే నిలుచును. ఒకే చెలకలో మూడు ఎండినచో అచ్చట పగుళ్లు లేవను అనుమానము బలపడును. ఆశ తగ్గవలెనే గాని పెరుగరాదు. కొత్త సాక్ష్యమును బట్టి నమ్మకమును సవరించుకొను ఈ తీరును 1763లో అచ్చయిన థామస్ బేయిస్ వ్యాసము లెక్కకు తెచ్చినది.

అరచేత కొబ్బరికాయ నిలిపి చోటు చూపువారున్నారు. వారు పడిన బోర్లను పేరుపేరున చెప్పుదురు. ఎండినవాని లెక్క అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు.