నేరం ఎవరిది? యాస్పర్స్‌ను చుండూరు నుంచి చదవడం

అస్తిత్వవాదం అనగానే మన సాహిత్య విద్యార్థులకు ఒంటరి యువకుడి వేదన గుర్తొస్తుంది. అంబర్‌పేట్ పక్కనున్న ఉస్మానియా క్యాంపస్‌లో నడిచిన నవీన్ నవల ‘అంపశయ్య’ (1969) ఆ వేదనకే పేరు పొందింది. అయితే ఆ తత్వంలో ఇంకో పాయ ఉంది. మనకు పనికొచ్చేది అదే.

జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ (1883-1969) భార్య యూదురాలు. అందుకని నాజీలు 1937లో ఆయన్ని ప్రొఫెసర్ ఉద్యోగంలోంచి తీసేశారు. యుద్ధం అయిపోయాక, 1945-46 శీతాకాలంలో, హైడెల్‌బర్గ్‌లో విద్యార్థుల ముందు ఆయన ఒకటే ప్రశ్న పెట్టాడు: జరిగిన దాంట్లో మన దోషమెంత?

దోషాన్ని ఆయన నాలుగుగా విడదీశాడు. చట్టం తప్పినవాడి నేరాన్ని కోర్టు తేలుస్తుంది. రాజ్యం చేసిన దానికి పౌరులంతా బాధ్యులు, పరిహారం కట్టాల్సిందే. నైతిక దోషాన్ని ఎవరి అంతరాత్మ వాళ్లు తేల్చుకోవాలి. తోటి మనిషిని చంపుతుంటే ఊరకుండి బతికిపోయిన దోషం నాలుగోది. దానికి దేవుడి ముందే జవాబు చెప్పాలన్నాడు.

ఇప్పుడు చుండూరుకు రండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలింది. అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు వదిలితే ఊరి దోషం పోయినట్టేనా? కాదు. కోర్టు మాట్లాడేది మొదటి దోషం గురించే. హత్యలకు ముందే దళితుల మీద సాంఘిక బహిష్కరణ నడిచింది. కూలికి పిలవకపోవడానికి కత్తి పట్టాల్సిన పని లేదు. ఆ లెక్క ఏ ఛార్జిషీటులో రాస్తారు?

యాస్పర్స్ మనకిచ్చిన పనిముట్టు ఇది. కానీ నైతిక దోషాన్ని అంతరాత్మకు అప్పజెప్పిన దగ్గర ఆయన మనకు చాలడు. కులాన్ని పాటించేవాడు దాన్ని ధర్మమనే పాటిస్తాడని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో తేల్చాడు. అంతరాత్మనే కులం తయారుచేసిన చోట, అది ఎవరికి శిక్ష వేస్తుంది?

అందుకే మనం అడగాల్సింది పశ్చాత్తాపం కాదు, రెండో దోషం లెక్క. భూమిలో వాటా, కూలి, చదువు. ఇవి ఎవరి దయా కాదు, కట్టాల్సిన బాకీ.