పాట వెంట పేరు: పశ్చిమ ప్రకాశం జానపద గాయకునికి వెబ్‌సైటు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మార్కాపురం అనగానే పలకలు, లక్ష్మీ చెన్నకేశవాలయం గుర్తుకు వస్తాయి. గిద్దలూరు అనగానే నల్లమల. ఇక్కడ పాడేవారి పేర్లు మాత్రం ఊరి పొలిమేర దాటడం అరుదు. జానపద గేయ పరిశోధనలో పాఠ సేకరణకు, వర్గీకరణకు దక్కిన శ్రద్ధ గాయకుని పేరుకు దక్కలేదు. జానపద గేయానికి కర్త అజ్ఞాతుడన్న లక్షణాన్ని తరగతి గదుల్లో వల్లించి వల్లించి, కర్తతోపాటు గాయకుణ్ణి కూడా అజ్ఞాతుణ్ణి చేశాం. జానపద గాయకునికి వెబ్‌సైటు రూపొందించడాన్ని కేవలం ప్రచారంగా గాక, ఈ లోపాన్ని సరిదిద్దే ఆధార రచనగా చూడాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన.

ధ్వనిముద్రణలో గాయకుని పేరు

1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరును తానే ఇంగ్లీషులో ప్రకటించేది. రికార్డులు జర్మనీలోని హనోవర్‌లో తయారయ్యేవి. లేబులుపై ఎవరి పేరు వేయాలో అక్కడివారికి తెలియడానికి ఈ ఏర్పాటు. పేరు పాటలోనే భాగమైతే తప్ప నిలవదని తొలి తరం గాయకులకు తెలుసు. తరువాత ఆకాశవాణి పాటకు ముందు గాయకుని పేరు చెప్పే పద్ధతిని పాటించింది. మార్కాపురంలోనూ ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం వెలసింది. అయితే ప్రకటన వినిపించేది ఒక్కసారే. మళ్లీ వెతికి చూసుకొనే వీలు శ్రోతకు ఉండదు.

అమెరికాలో కంట్రీ సంగీతం అనే జానపద శాఖ చరిత్రలోనూ ఇదే సమస్య. 1927లో బ్రిస్టల్ పట్టణంలో జరిగిన ధ్వనిముద్రణలతో కార్టర్ కుటుంబం వెలుగులోకి వచ్చింది. ఆ తరువాత ఏ.పి. కార్టర్ కొండ పల్లెల్లో పాటలు సేకరిస్తూ తిరిగినప్పుడు పదాలు తాను రాసుకొనేవాడు. బాణీలను జ్ఞాపకంలో నిలుపుకొన్నది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు. సేకరించిన పాటలపై కాపీరైటు కార్టర్ పేర నమోదైంది. 1960లలో మైక్ సీగర్ వెతికి పట్టుకొనేదాకా రిడిల్ ఎవరో బయటి లోకానికి తెలియదు.

మన దగ్గరి ఉదాహరణకు అంత దూరం పోనక్కరలేదు. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాట విడుదల కాగానే, ఆ జానపద గేయాన్ని అంతకుముందే టెలివిజన్‌లో పాడిన గాయనికి దక్కవలసిన గుర్తింపు గురించి వివాదం చెలరేగింది. చట్టం ఈ విషయంలో పూర్తిగా మౌనంగా లేదు. కాపీరైటు చట్టానికి 1994లో వచ్చిన సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. 2012 సవరణతో చేరిన 38బి సెక్షన్, ప్రదర్శన ఎవరిదో ఆ పేరు చెప్పాలని కోరే హక్కును ప్రదర్శకునికి ఇచ్చింది. కాని హక్కు కోరేవాడు ఆధారం చూపాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు పాడారన్న నమోదు లేని గాయకునికి ఆ సెక్షన్ వల్ల ఒరిగేది స్వల్పం.

రూపకల్పనలో పాటించవలసినవి

కాబట్టి సైటులో ప్రతి పాటకు ఒక ప్రత్యేక పుట ఉండాలి. పాడినవారు, వంత పాడినవారు, వాద్యకారులు, పాట నేర్పినవారు, సందర్భం, ఊరు, ధ్వనిముద్రణ తేదీ ఆ పుటలో కనిపించాలి. వీటిలో పాట నేర్పినవారి పేరును వదిలేస్తే మనమూ రిడిల్ విషయంలో జరిగిన తప్పునే చేసినవారమవుతాం.

ఊరి పేరు నమోదులో ఈ ప్రాంతానికి ఒక చిక్కు ఉంది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లావి. ఆ కొత్త జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. పాత సేకరణలో ‘కర్నూలు జిల్లా’ అని ఉన్న గేయం నిజానికి మార్కాపురం పక్క పల్లెది కావచ్చు. అందుచేత జిల్లా పేరుతో సరిపెట్టక గ్రామం, నాటి తాలూకా, నేటి మండలం మూడూ రాయాలి. మార్కాపురం, మార్కాపూర్ అనే రెండు రూపాలూ, వాటి రోమన్ వర్ణక్రమాలూ పుటలో ఉంటేనే వెతికేవారికి దొరుకుతుంది.

తెలుగు పాఠాన్ని బొమ్మగా గాక యూనికోడ్ అక్షరాలుగా పెట్టాలి. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉన్నా, మన పరిశోధన పత్రాలు చాలాకాలం అను ఫాంట్లలోనే నడిచాయి. వాటిలోని గాయకుల పేర్లను నేడు ఏ శోధన యంత్రమూ పట్టలేదు. ఆ బాధ్యత గాయకులది కాదు, మనది. ఇక పుటల బరువు తక్కువగా ఉండాలన్నది చెప్పనక్కరలేని మాట. కొండ పల్లెల్లో చూసేది చేతిఫోనులోనే.

యూట్యూబులో ఉన్న దృశ్యానికి లంకె ఇవ్వవచ్చు గాని, ఛానెల్ వేరొకరిదైతే వివరణ రాసేదీ, తొలగించేదీ వారే. అందువల్ల మూల ధ్వనిముద్రణ గాయకుని సైటులోనే ఉండాలి. డొమైను రూపకర్త పేరనో, సేకరించిన పరిశోధకుని పేరనో గాక, గాయకుని పేరనే నమోదు కావాలి. ఏటా రుసుము కట్టకపోతే డొమైను చేజారుతుంది గనుక సైటు మొత్తానికి ఒక ప్రతిని, గాయకుని అనుమతితో, జానపద అధ్యయన శాఖ ఉన్న విశ్వవిద్యాలయంలో భద్రపరచాలి. కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం ఇందుకు అనువైన చోటు.