చలికాలం, ఎండుగడ్డి, గుర్రం: చరిత్రలో మేత కథ

గుజరాత్‌లోని సూరత్ నగరానికి ఉత్తర భాగాన, తాపీ నదికి దగ్గరలో కతర్‌గామ్ అనే ప్రాంతం ఉంది. నేడు అది వజ్రాలు సానపట్టే కార్ఖానాలకు పేరుపొందింది. చలికాలంలో ఉంధియూ వంటకంలోకి వాడే చిక్కుడు జాతి పాపడీకి కూడా ఆ ఊరి పేరు ప్రసిద్ధమే. మరమగ్గాల మీద బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలకు ఈ నగరం రెండో పుట్టినిల్లు. పాత సూరత్ ప్రాకారానికి ఉన్న ద్వారాలలో ఒకదానిని ఇప్పటికీ కతర్‌గామ్ దర్వాజా అంటారు.

ఈ పాఠంలో మనం ఆ దర్వాజా దగ్గర నిలబడి చరిత్రను ఒక చిన్న ప్రశ్నతో చూద్దాం. చలికాలం వచ్చేసరికి గుర్రం ఎండుగడ్డి మీద ఆసక్తి ఎందుకు కోల్పోతుంది? ఇది పశువైద్యుడి ప్రశ్న కదా, చరిత్రకు దీనితో పనేమిటి అని మీకు అనిపించవచ్చు. రైలు, మోటారు రాకముందు రాజ్యాలు నడిచింది గుర్రాల మీద. గుర్రం నడిచేది మేత మీద. కాబట్టి గుర్రం తొట్టి దగ్గర ముఖం తిప్పుకుంటే ఆ సంగతి కోట గోడ దాకా, రైతు ఇంటి దాకా వెళ్ళేది.

గుర్రం కడుపు తీరు

ముందుగా జంతువును అర్థం చేసుకోవాలి. ఆవు, గేదె నెమరువేస్తాయి, గుర్రం నెమరువేయదు. దాని జీర్ణాశయం చిన్నది, 8 నుంచి 15 లీటర్ల పరిమాణం మాత్రమే. గడ్డిలోని పీచును జీర్ణం చేసే పని వెనుక ఉన్న పెద్దపేగులలో సూక్ష్మజీవులు చేస్తాయి. అందుకే గుర్రం ఒకేసారి మెక్కలేదు. రోజంతా కొద్దికొద్దిగా మేస్తూనే ఉండాలి. 450 కిలోల బరువున్న గుర్రానికి రోజుకు సుమారు 7 నుంచి 9 కిలోల ఎండుమేత, పాతిక లీటర్లకు తక్కువ కాకుండా నీళ్ళు కావాలి.

పీచు పులిసేటప్పుడు పేగులలో వేడి పుడుతుంది. చలిలో గుర్రానికి అదే కుంపటి. కాబట్టి చలి పెరిగితే గుర్రం గడ్డి ఎక్కువగా తినాలి. తినడం తగ్గించిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఆ తేడాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది నీరు. పచ్చిగడ్డిలో 70 నుంచి 80 శాతం నీరే ఉంటుంది. ఎండుగడ్డిలో 10 నుంచి 15 శాతమే. మేత పచ్చి నుంచి ఎండుకు మారిన రోజుల్లో గుర్రం ఎక్కువ నీళ్ళు తాగాలి. కానీ చల్లటి నీటిని అది సరిగా తాగదు. లోపల నీరు చాలక మేత గట్టిపడుతుంది, ఆకలి మందగిస్తుంది, ముదిరితే శూల వస్తుంది. శూల గుర్రాన్ని చంపగలదు. రెండోది గడ్డి నాణ్యత. గింజ రాలిన తరువాత కోసిన గడ్డి పుల్లల్లా ఉంటుంది. తడి ఆరకముందే వామి వేసిన గడ్డికి బూజు పడుతుంది. గుర్రం ముక్కు దీన్ని వెంటనే పసిగడుతుంది. మూడోది పళ్ళు. గుర్రం పళ్ళు జీవితమంతా పైకి వస్తూనే ఉంటాయి. అంచులు పదునెక్కి బుగ్గను కోస్తే మెత్తటి పచ్చిమేతను ఎలాగో నమిలినా ముతక ఎండుగడ్డిని వదిలేస్తుంది. నాలుగోది ఇంతకన్నా మంచి మేత దొరకడం. గుజరాత్‌లో లూసర్న్ చలికాలపు పంట. తమిళులు దాన్ని కుదిరై మసాల్ అంటారు. కుదిరై అంటే గుర్రం. పక్కన అది పచ్చగా కనబడుతుంటే ఎండుగడ్డిని ఏ గుర్రం ఇష్టపడుతుంది?

సూరత్‌లో మంచు కురవదు, నీళ్ళు గడ్డకట్టవు. అక్కడి చలికాలం మనకు తెలిసిన చలికాలమే. వానలు వెనుదిరిగాక గడ్డి ఎండిపోయి ముదిరే కాలం అది. అందువల్ల మన దేశంలో ఈ సమస్య చలితో పాటు ఋతువు మారినప్పుడు మేత మారడంతో ముడిపడి ఉంది.

అక్బరు గుర్రపుశాలలో చలికాలం

1573 జనవరిలో అక్బరు స్వయంగా సూరత్ కోటను ముట్టడించాడు. ఫిబ్రవరి చివరికి కోట లొంగింది. ముట్టడి జరిగినంత కాలం, అంటే సరిగ్గా చలి రోజుల్లో, వేల గుర్రాలు ఈ మైదానాల్లో కట్టుగొయ్యల దగ్గర నిలబడ్డాయి.

ఆ గుర్రాలకు ఏం పెట్టాలో మొగలులు ఊహకు వదిలేయలేదు. 1590లలో అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో గుర్రాల మేతకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. పాదుషా సొంత శాలలోని గుర్రానికి రోజుకు ఏడున్నర సేర్ల దాణా. అందులోనే రెండు సేర్ల పిండి, ఒకటిన్నర సేర్ల చక్కెర. ఆనాటి సేరు మన కిలోలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. చలికాలంలో బఠాణీల వంటి గింజలను ఉడకబెట్టి పెట్టాలి. పచ్చిగడ్డి చేతికి వచ్చేదాకా రోజుకు అర సేరు నెయ్యి ఇవ్వాలి. ఎండుగడ్డికి రోజుకు రెండు దాములు ఖర్చు పెట్టవచ్చు, కానీ పచ్చిగడ్డి దొరికినప్పుడు ఎండుగడ్డి పెట్టరాదు. ఒక గుర్రం మేతకు మూడు బిఘాల నేల కావాలి.

ఈ నియమాలను జాగ్రత్తగా చదవండి. ఉడికిన గింజలతో పాటు నీరు కూడా గుర్రం కడుపులోకి వెళుతుంది. నెయ్యి, చక్కెర వల్ల ఎండుగడ్డిలో లేని శక్తి వస్తుంది. జీర్ణశాస్త్రం పుస్తకాలు లేకపోయినా శాలలో పనిచేసేవారికి అనుభవం ఉంది. చలికాలపు ఎండుగడ్డి ఒక్కటే గుర్రాన్ని నిలబెట్టదని వారికి తెలుసు.

నాలుగు వేల గుర్రాలు, ఒక్క రోజు

1664 జనవరిలో శివాజీ సూరత్ మీద దాడి చేశాడు. ఆయన వెంట వచ్చిన రౌతులు సుమారు 4,000 మంది అని ఒక అంచనా. మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో దాక్కున్నాడు. ఆంగ్లేయ వర్తకుల స్థావరాన్ని కాపాడుకున్న అధ్యక్షుడు జార్జ్ ఆక్సెండెన్ 1669లో సూరత్‌లోనే మరణించాడు. ఆయన సమాధి కతర్‌గామ్ దర్వాజా దగ్గరి ఆంగ్లేయుల శ్మశానంలో నేటికీ ఉంది.

ఒక లెక్క వేద్దాం. గుర్రానికి రోజుకు 8 కిలోల మేత చొప్పున 4,000 గుర్రాలకు 32 టన్నులు. పాతిక లీటర్ల చొప్పున లక్ష లీటర్ల నీళ్ళు. ఇది ఒక్క రోజు ఖర్చు. ఇంత మేతను వీపున మోసుకొని ఏ సైన్యమూ నడవలేదు. దారిలోని ఊళ్ళ నుంచే తీసుకోవాలి. విజయదశమి తరువాత మరాఠా దళాలు దండయాత్రకు బయలుదేరడానికి ఒక కారణం ఇదే. అప్పటికి వానలు ఆగుతాయి, వాగులు తగ్గుతాయి, పొలాల్లో పంట, బీళ్ళలో గడ్డి ఉంటాయి. ఆలస్యమైన కొద్దీ గడ్డి ముదిరి పుల్లలవుతుంది.

అయితే ఆ మేత ఎవరిది? రైతుది. ఈ సంగతి శివాజీకి బాగా తెలుసు. 1670ల తొలి సంవత్సరాలలో చిప్లూణ్ ప్రాంతంలో విడిది చేసిన అశ్వదళం అధికారులకు ఆయన రాసిన లేఖ మేత చరిత్రలో అపురూపమైన పత్రం. వానాకాలానికని పోగుచేసిన దాణా, గడ్డిని అజాగ్రత్తగా ముందే ఖర్చు చేస్తే తరువాత గుర్రాలు ఆకలితో చస్తాయని, అప్పుడు మీరు రైతుల మీద పడతారని, ఇంతకన్నా మొగలులే నయమని రైతులు అనుకుంటారని హెచ్చరించాడు. గడ్డివాముల దగ్గర పొయ్యి, చిలుము, దీపం విషయంలో జాగ్రత్త పడమన్నాడు. వెలుగుతున్న వత్తిని ఎలుక లాక్కుపోయినా చాలు, వాములన్నీ తగలబడతాయని రాశాడు. ఒక రాజు ఎలుక గురించి ఆలోచించాడంటే, గడ్డి విలువ ఎంతో మనం ఊహించవచ్చు.

1677లో శివాజీ దక్షిణ దిగ్విజయానికి బయలుదేరి హైదరాబాదులో గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షాను కలిశాడు. పెద్ద అశ్వదళం మన నేల మీదుగా నడిచిన సందర్భమది.

తెలుగు నేల మీద మేత

తెలుగు దేశం మేలు జాతి గుర్రాలకు పుట్టినిల్లు కాదు. అవి అరేబియా, పారశీకం నుంచి ఓడలమీద వచ్చేవి. 13వ శతాబ్దం చివర దక్షిణాదిని చూసిన మార్కో పోలో, రుద్రమదేవి ఏలుబడిలోని మోటుపల్లి ప్రాంతాన్నీ ప్రస్తావించాడు. తమిళ తీరపు రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, వైద్యం తెలిసినవారు లేక, ఉడికించిన అన్నం, మాంసం వంటి సరిపడని మేత పెట్టడం వల్ల వాటిలో ఎక్కువ భాగం చనిపోతాయని రాశాడు. విజయనగర రాజు ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పాడు. ఇంత ధనం ప్రతి ఏటా సముద్రం దాటి పోవడానికి యుద్ధం ఒక్కటే కారణం కాదు. సరైన మేత, సంరక్షణ లేక గుర్రాలు నిలవకపోవడం మరో కారణం.

మన నేల ఇచ్చిన జవాబు ఉలవలు. మెట్టపొలంలో, తక్కువ వానకు పండే గింజ ఇది. ఆంగ్లేయులు దానికి గుర్రం పేరే పెట్టారు. పచ్చి ఉలవల్లో జీర్ణానికి అడ్డుపడే పదార్థాలు ఉంటాయి; నానబెట్టి ఉడికిస్తే అవి తగ్గుతాయి, గింజ మెత్తబడుతుంది. ఉడికిన గింజలు పశువుకు, ఆ కట్టు మనిషికి. మనం ఇష్టంగా తినే ఉలవచారు ఈ పంపకం నుంచి పుట్టినదే.

గడ్డిలో మన జవాబు గరిక. ఆంగ్లేయుల కాలంలో సికింద్రాబాదు వంటి దండు ప్రాంతాల్లో గుర్రానికి సాయిసుతో పాటు గడ్డి తెచ్చే మనిషి కూడా ఉండేవాడు. ఎండాకాలమైనా, చలికాలమైనా ఆ మనిషి తొలికతో గరికను వేళ్ళతో సహా చెక్కి, మట్టి దులిపి, మోపుకట్టి తేవాలి. వామిలోని ఎండుగడ్డిని తినని గుర్రం ఆ గరికను తినేది. అశ్వదళాల చరిత్రలో సేనానుల పేర్లు ఉన్నాయి. గడ్డిమోపు మోసినవారి పేర్లు లేవు. అయినా ఆ మోపు లేని రోజున ఏ దళమూ కదలలేదు.

ముగింపు

గుజరాత్‌లోని సౌరాష్ట్రలో సంస్థానాల కాలం నుంచి వీడీలు అనే రక్షిత గడ్డిభూములు ఉన్నాయి. అక్కడ కోసిన గడ్డిని కరువు రోజులకు నిల్వచేసే పద్ధతి నేటికీ సాగుతోంది. 1899-1900లో వచ్చిన ఛప్పనియా కరువులో పశువులు లెక్కకు మించి చనిపోయిన ప్రాంతానికి ఆ నిల్వ విలువ చెప్పనక్కరలేదు.

సైన్యంలో గుర్రం స్థానాన్ని యంత్రం తీసుకుంది. పెళ్ళి ఊరేగింపుల్లో, పందెపు మైదానాల్లో, పోలీసు దళాల్లో గుర్రం ఇంకా ఉంది. చలికాలంలో అది గడ్డి వదిలేస్తే దాన్ని మొండితనం అనుకోకూడదు. నీళ్ళు కాస్త గోరువెచ్చగా ఉన్నాయా, గడ్డికి బూజు వాసన ఉందా, పళ్ళు సరిగా ఉన్నాయా అని చూడాలి, పశువైద్యుణ్ణి పిలవాలి. నాలుగు వందల ఏళ్ళ నాటి శాలలో నియమాలు రాసుకున్నవారూ మొదట చూసింది ఆ తొట్టినే.

ఆలోచించండి

1. దండయాత్రల కాలానికీ గడ్డి దొరికే కాలానికీ ఉన్న సంబంధాన్ని ఉదాహరణతో వివరించండి.

2. ఐన్-ఇ-అక్బరీలోని చలికాలపు మేత నియమాలకు నేటి శాస్త్రం ఏ కారణాలు చెబుతుంది?

3. మీ ఊరిలో పశువుల మేతను వేసవికి ఎలా నిల్వచేస్తారో పెద్దలను అడిగి రాయండి.