అలిపిరి నాడు నేను కొండ మీద

2003 అక్టోబరు 1. తిరుమలలో బ్రహ్మోత్సవాలు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పట్టువస్త్రాలు తెస్తారని మధ్యాహ్నానికే బేడి ఆంజనేయస్వామి గుడి ముందు స్టూలు వేసుకున్నాను. వస్త్రాలు తలకెత్తుకుని అక్కడి నుంచి కదిలే క్షణం ఏటేటా అన్ని పత్రికలకూ కావాల్సిన బొమ్మ. ఆ చోటు కోసం తోటివాళ్లతో పొద్దున్నే తగువు పడి గెలిచాను కూడా.

అసలు బొమ్మ కొండ కింద అలిపిరిలో పడింది. పీపుల్స్‌వార్ నక్సలైట్లు పెట్టిన క్లెమోర్ మైన్లు పేలాయి. బుల్లెట్‌ప్రూఫ్ అంబాసిడర్ నుజ్జయినా ముఖ్యమంత్రి గాయాలతో బతికారు. మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డికీ దెబ్బలు తగిలాయి. నేను 1944 నాటి పాత ఘాట్‌లో స్కూటరు మీద దిగేసరికి గాయపడ్డవాళ్లను తరలించేశారు. తాడు కట్టిన పోలీసు, 'యాడికి సామీ?' అన్నాడు. దూరం నుంచి పెద్ద లెన్సుతో కారు మాత్రం దొరికింది. ఆ గాయాల బొమ్మలు ఓట్లు తెస్తాయని ఊళ్లో చాలామంది లెక్కలేశారు. 2004 ఎన్నికల్లో ఆ లెక్క తప్పింది.

నేను ఫొటోల పని నేర్చింది 1980లలో, స్టూడియోలో. ఊటీలో తయారైన ఇందు ఫిల్ము, రీలుకు 36 ఫ్రేములు. పెళ్లికి ముప్ఫై పోగా మిగిలినవే వార్తకు. తెగింపంటే తుపాకీకి ఎదురుపోవడం అనుకుంటారు గానీ, అప్పట్లో మాకు తెగింపంటే అప్పగింతల కోసం దాచిన ఫ్రేములు వాడేయడం. పెళ్లివాళ్ల తిట్లు పోలీసు లాఠీ కంటే గట్టివి!

ఒకసారి చంద్రగిరి పెళ్లి నుంచి వస్తుంటే స్వర్ణముఖి పొంగింది. నీళ్లలో చిక్కుకున్న ఒక ముసలాయన, ఆయన భుజమ్మీద మేకపిల్ల. రీల్లో నాలుగే మిగిలాయి. వంతెన గోడ పట్టుకుని వంగి మూడు కొట్టాను, ఒకటి కుదిరింది. ఇంటి బాత్రూములో చీకట్లో కడిగి, కవర్లో పెట్టి, మద్రాసు బస్సు డ్రైవరు చేతికిచ్చాను. రెండో రోజు పత్రికలో వచ్చింది. నా పేరు లేదు. పెళ్లి లేకపోతే ఆ దారిన నేనూ లేను.

అలిపిరి రోజు రీలు ఇంకా నా దగ్గరే ఉంది. కబురు రాకముందు స్టూలు మీంచి కొట్టిన ఆఖరి ఫ్రేములో నాదస్వరం వాళ్లు, అధికారులు, జనం అందరూ ముఖ్యమంత్రి వచ్చే దిక్కే చూస్తున్నారు. దాన్ని ఏ పత్రికా అడగలేదు.