కంపెనీ ఆగినా సామాను ఆగలేదు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆపేసింది. మూడేళ్లకు ఆ పేరును కూడా 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి కంపెనీ ప్యూజోకు అమ్ముకుంది. అయినా అనంతపురంలో మిగిలిన ఏ పాత అంబాసిడర్‌కైనా క్లచ్ ప్లేటో, వాటర్ పంపో కావాలంటే మెకానిక్ చేతులెత్తేయడు. బెంగళూరు జేసీ రోడ్డులోని అంగడికి ఫోను కొడతాడు. సరుకు బస్సెక్కి వస్తుంది. తయారుచేసిన కంపెనీయే వదిలేసిన కారుకు ఇన్నాళ్లూ సామాను చేస్తున్నది ఎవరు?

ఈ కథ 1953లో మొదలైంది. అప్పటిదాకా మన రోడ్ల మీద తిరిగిన కార్లు చాలావరకు పెట్టెల్లో విడివిడిగా ఓడ దిగి, ఇక్కడ బిగింపు పూర్తిచేసుకున్నవే. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో చేసింది ఆ పనే. ఇక్కడే తయారీకి పూనుకోని కంపెనీలు బిగింపు పని మానుకోవాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయడం, ప్రభుత్వం ఒప్పుకోవడం జరిగిపోయాయి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. కార్ల రంగంలో మిగిలింది హిందుస్తాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసు స్టాండర్డ్ లాంటి కొద్ది కంపెనీలే. జీపులకు మహీంద్రా ఉంది. ఏడాదికి కొన్ని వేల కార్లు చేసే ఈ కంపెనీలకు పిస్టన్ నుంచి బల్బు దాకా సొంతంగా చేసుకుంటే గిట్టుబాటు కాదు. ప్రభుత్వం కూడా చాలా రకాల విడిభాగాలను ప్రత్యేక కంపెనీలకే వదిలేయాలన్న విధానం పెట్టుకుంది.

అలా మద్రాసు, బెంగళూరు చుట్టూ ఒక కొత్త పరిశ్రమ లేచింది. ఇండియా పిస్టన్స్ 1949లోనే వచ్చి ఉంది. 1951లో పుట్టిన మైకో బెంగళూరు ఆడుగోడిలో స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ పంపులు చేసింది. మద్రాసు పాడిలో 1961లో లూకాస్ టీవీఎస్, మరుసటి ఏడాది బ్రేక్స్ ఇండియా తలుపులు తెరిచాయి. 1964లో రాణే బ్రేక్ లైనింగ్స్ మొదలైంది. డైనమో, సెల్ఫ్ మోటారు, బ్రేకు సిలిండరు, నాజిల్ అన్నీ వీళ్లవే. కార్ల ఫ్యాక్టరీకి వీళ్లు పంపిన సరుకే వీళ్ల సొంత పేరుతో బజారులోకీ వచ్చేది. అంబాసిడర్ డీలరు దగ్గర దొరికే డైనమో, స్పేర్ పార్టుల అంగట్లో దొరికే డైనమో ఒకే మిషను మీద నుంచి దిగినవి కావచ్చు. తేడా అట్టపెట్టె మీద ముద్రలోనూ, ధరలోనూ ఉండేది. కారు కంపెనీ కాలంచేసినా విడిభాగాల కంపెనీ బతికే ఉండటానికి మూలం ఈ ఏర్పాటే.

అనంతపురానికి ఈ ఏర్పాటు బాగా కలిసొచ్చింది. ఒకప్పటి 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున ఆర్డరిస్తే రాత్రికో, మర్నాటికో సామాను చేరుతుంది. కారు కంపెనీల పెద్ద డిపోలు ఉండేది మహానగరాల్లో. అక్కడికి చీటీ రాసి, డబ్బు కట్టి, సరుకు కోసం ఎదురుచూసే ఓపిక టాక్సీ నడిపేవాడికి ఎక్కడిది? బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ పొయ్యిలో పిల్లి లేవదు.

నేల కూడా తన వంతు పని చేసింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. దేశంలో ఇంతకన్నా తక్కువ వాన పడేది జైసల్మేరు జిల్లాలోనేనని ఇక్కడివాళ్లు తరచు చెప్పుకుంటారు. ఎర్రమట్టి దుమ్ము గాలిలో ఎప్పుడూ ఉంటుంది. బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆ నీళ్లు పోస్తే రేడియేటరు గొట్టాల్లో సున్నం పేరుకుని ఇంజిన్ కాగుతుంది. పాత అంబాసిడర్‌కూ, జీపుకూ నూనెతొట్టి ఉన్న ఎయిర్ ఫిల్టరు ఉండేది. మురికి నూనె పారబోసి కొత్తది పోస్తే చాలు, కొనాల్సిన సామాను ఏమీ లేదు. తర్వాతి కార్లకు కాగితం ఫిల్టర్లు వచ్చాయి. దుమ్ము ఊళ్లో వాటిని తరచు మార్చక తప్పదు.

జీపులు రాయలసీమ పల్లెల్లో మనుషుల్నీ, మూటల్నీ, ఎన్నికలప్పుడు నాయకుల్నీ మోశాయి. అంబాసిడర్లకు మాత్రం జిల్లాలో ఒక ప్రత్యేకమైన గిరాకీ ఉండేది. పుట్టపర్తి ప్రశాంతి నిలయానికి వచ్చే భక్తులు బెంగళూరులో దిగి టాక్సీ ఎక్కేవారు. చాలాకాలం ఆ బాటలో తిరిగిన టాక్సీల్లో ఎక్కువ అంబాసిడర్లే. రోజూ వందల కిలోమీటర్లు తిరిగే బండికి పాడైన సామాను రాత్రికి రాత్రి మారాలి. బెంగళూరుకు భక్తుణ్ణి దింపిన కారే వస్తూ వస్తూ జేసీ రోడ్డులో సామాను వేసుకు రావడానికి వీలుండేది.

లేత్ పనివాళ్లు లేకపోతే ఈ కథ సగమే. ఇంజిన్ అరిగితే సిలిండరు బోరు వేసి కాస్త వెడల్పు చేస్తారు. దానికి సరిపోయే ఓవర్‌సైజు పిస్టన్ కావాలి. ఇరవై, నలభై, అరవై అని పిలిచే ఆ సైజులు అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఒకసారి బోరు వేశాక ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు సైజు పిస్టన్ ఆ ఇంజిన్‌కు పనికిరాదు. అరవై దాటితే స్లీవు వేసి మళ్లీ మొదటికి వస్తారు. క్రాంకు గ్రైండింగూ, బుష్షులు కొట్టడమూ, కమాన్ కట్టలు విప్పి కొత్త పట్టీ వేయడమూ ఇదే కోవ. ఇలా బాగుపడిన పాత కారు కొన్నేళ్లకు కంపెనీ పుస్తకంలో లేని కారుగా తయారవుతుంది. దాని కొలతలు తెలిసింది దాన్ని విప్పి బిగించిన మెకానిక్కే.

బజారు సామానంతా మేలిరకమని దీని అర్థం కాదు. పేరున్న కంపెనీల సరుకు పక్కనే అదే రంగు అట్టపెట్టెలో నకిలీ సరుకు కూడా కూర్చునేది, ఇంకా కూర్చుంటోంది. ఆయిల్ ఫిల్టరు, బ్రేకు లైనింగు, బేరింగు లాంటివాటిలో మోసం ఎక్కువ. నకిలీ ఫిల్టరు లోపలి కాగితం పలచగా ఉంటే మురికి నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. నాసిరకం లైనింగు వేడెక్కగానే బ్రేకు పట్టదు. ఆ పైన గుజిరీ సరుకు ఉంది. గేర్‌బాక్సు, డోరు, బంపరు లాంటివి తుక్కు కింద విప్పిన కార్ల నుంచి వస్తాయి. డోరుకు గుజిరీ సరుకు ఫరవాలేదు, స్టీరింగ్ సామానుకు మాత్రం ఏ మంచి మెకానిక్కూ ఒప్పుకోడు. “కంపెనీదే కావల్లా అన్నా, బయటిది సాలా?” అన్న మాటకు జవాబు సామానును బట్టి మారుతుంది. పంట చేతికొచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. చెనక్కాయ ఎండిన ఏడు రైతు ఇంటి జీపుకు కొత్త సామాను కొనడం కష్టమే.

1983 డిసెంబరు 14న తొలి మారుతీ 800 తాళాలు యజమాని చేతికి వచ్చాయి. సామాను బజారు రూపు అక్కడి నుంచి మారసాగింది. మారుతీకి సాంకేతికత ఇచ్చిన సుజుకీ జపాను కంపెనీ. మొదట్లో విడిభాగాల్లో పెద్ద వాటా అక్కడి నుంచే వచ్చింది. క్రమంగా దేశంలోనే తయారీదారులు ఏర్పడ్డారు. కానీ సరుకు కారు కంపెనీ పేరున్న డబ్బాలో ‘జెన్యూన్ పార్టు’గా అధీకృత డీలరు దగ్గరికి చేరడం రివాజైంది. తర్వాత వచ్చిన కంపెనీల్లో కట్టు మరింత బిగిసింది. కారుకు సామాను చేసే తయారీదారు దాన్ని బయట అమ్ముకోరాదన్న షరతులు ఒప్పందాల్లోకి ఎక్కాయి. 2000 తర్వాత ఇంజిన్‌ను కంప్యూటరు నడపడం మామూలైంది. జబ్బేమిటో తెలుసుకునే పరికరమే మెకానిక్ దగ్గర లేనప్పుడు సామాను సంగతి తర్వాతి మాట.

అన్ని వస్తువులూ ఈ కట్టులో ఇరుక్కోలేదు. రాయలసీమలోనే తిరుపతి పక్కన కరకంబాడిలో ఉన్న అమర రాజా ఫ్యాక్టరీ ఇందుకు మంచి ఉదాహరణ. అది కార్ల కంపెనీలకు బ్యాటరీలు అందిస్తూనే, అమరాన్ పేరుతో వీధి చివరి అంగడికీ పంపింది. బ్యాటరీలు, టైర్లు, బల్బులు చాలాకాలంగా ఇలాగే నడుస్తున్నాయి. వాటి విషయంలో షోరూముదా, బయటిదా అని పెద్దగా ఎవరూ తల బద్దలు కొట్టుకోరు.

మిగతా సామాను తగువు 2011లో ఢిల్లీకి చేరింది. హోండా, ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కంపెనీలు విడిభాగాలను బయట అమ్మనివ్వడం లేదని ఒక వినియోగదారుడు కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు. విచారణ మిగతా కంపెనీలకూ పాకింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కారు కొనేదాకా కొనుగోలుదారుకు పది కంపెనీలు కనిపిస్తాయి, కొన్నాక సామానుకు ఒక్కటే దిక్కవుతుంది అన్నది ఆ తీర్పు సారం. సామాను బయట అమ్మాలనీ, బయటి మెకానిక్ చేయి వేశాడన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయరాదనీ ఆదేశించింది. ఆ జాబితాలో హిందుస్తాన్ మోటార్స్ కూడా ఉంది! అప్పటికి అంబాసిడర్ ఆగిపోయి మూడు నెలలు. జరిమానాలను కంపెనీలు పై కోర్టుల్లో సవాలు చేయడంతో ఆ వ్యాజ్యం ఏళ్లు పూళ్లు సాగింది.

బయటి దేశాలు ఈ దారిలో ముందే నడిచాయి. ఫలానా బ్రాండు సామాను వాడితేనే వారంటీ అని షరతు పెట్టకుండా అమెరికా 1975లోనే మాగ్నసన్–మాస్ చట్టం చేసింది. కారు ఫ్యాక్టరీకి సామాను చేసే తయారీదారు అదే ప్రమాణంతో సొంత పేరు మీద అమ్మినా అది అసలు సామానేనని ఐరోపా సమాఖ్య 2002 నిబంధనలు గుర్తించాయి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌ను తెరిచి, అందులో వాహనాలనూ చేర్చింది.

ఈలోగా కార్ల ఫ్యాక్టరీయే కరువు సీమకు నడిచొచ్చింది. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు చేయగల కర్మాగారం లేచింది. దాని చుట్టూ కొరియా విడిభాగాల కంపెనీలూ చేరాయి. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలినప్పుడు ఆ ఫ్యాక్టరీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఫ్యాక్టరీకీ, విడిభాగాల కంపెనీలకూ ఇంత దగ్గరగా ఉన్నా అనంతపురంలో కియా యజమానికి జెన్యూన్ సామాను వచ్చేది మాత్రం మోబిస్ పంపిణీ గొలుసు మీదుగానే. బయటి బజారు ఆశ ఎంత బలమైందో 2025లో వేరే రకంగా బయటపడింది. ఐదేళ్లలో దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయని కంపెనీ చేసిన ఫిర్యాదుపై పోలీసులు కేసు పెట్టి అరెస్టులు చేశారు.

పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. తుక్కు విధానం కూడా పాత బండ్లను వదిలించుకోమనే చెబుతోంది. తొలి సెల్టోస్ కార్లకు పదిహేనేళ్లు నిండేది 2034లో. వాటికి బ్రేకులు, బేరింగులు, సెన్సార్లు చేసిన కంపెనీలు అప్పటికి తమ సొంత డబ్బాల్లోనూ సరుకు అమ్ముతుంటే, ఆ కార్లలో చాలావాటికి ఆ ఫీజు కట్టుకోవడం గిట్టుబాటవుతుంది. సరుకు ఒక్క కంపెనీ డబ్బాలోనే దొరుకుతుంటే, వాటిలో చాలా కార్లు అంతకు ముందే గుజిరీకి చేరతాయి.