మోటార్‌హోమ్ నీటి సరఫరా సమస్యలు

మోటార్‌హోమ్ అనగా పడక, వంటగది, స్నానపు గది వంటి నివాస వసతులు గల మోటారు వాహనము. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో దీనిని ఆర్.వి. అని కూడా వ్యవహరిస్తారు. ఇందులోని నీటి ఏర్పాటు ఇంటిలోని దానికంటె చిన్నదే అయినను, వాహనపు కుదుపులు, చలి, తరచు మారే నీటి వనరుల వలన ఎక్కువగా లోపాలకు గురి అవుతుంది. అక్కడి తెలుగువారు కూడా యెల్లోస్టోన్ వంటి జాతీయ ఉద్యానవనాలను చూచుటకు ఇట్టి వాహనాలను అద్దెకు తీసుకొనుట కద్దు.

నిర్మాణము

నీరు రెండు మార్గాలలో లభిస్తుంది. మొదటిది వాహనములోని మంచినీటి ట్యాంకు. దీని నుండి 12 వోల్టుల విద్యుత్తుతో నడిచే చిన్న పంపు నీటిని తోడుతుంది. రెండవది విడిది స్థలములోని కుళాయి. దీనికి గొట్టము తగిలించి వాహనము ప్రక్కనున్న ద్వారమునకు కలుపుతారు. ఈ రెండును పంపు తరువాత ఒకే గొట్టాల వరుసలో కలుస్తాయి. నీరు వెనుకకు పోకుండా రెండు చోట్లా ఏకదిశా కవాటాలు ఉంటాయి.

పంపును పీడనపు స్విచ్చి నియంత్రిస్తుంది. కుళాయిలన్నీ మూసినపుడు పీడనము సాధారణముగా చదరపు అంగుళానికి 45 నుండి 55 పౌండ్లకు చేరగానే పంపు ఆగుతుంది; కుళాయి తెరువగానే మరల మొదలవుతుంది. అందువలన పంపు శబ్దమును గమనించుటే సగము పరీక్ష.

లోపము ఎక్కడ ఉన్నది?

పంపుతో నీరు సరిగా రానపుడు బయటి గొట్టము తగిలించి చూడవలెను. అపుడు నీరు బాగుగా వచ్చినచో లోపము ట్యాంకు, పంపు, దాని తీగలలోనే ఉన్నట్లు. పంపుతో వచ్చి, గొట్టముతో రానిచో ప్రవేశ ద్వారములోని వడపోత వలలో ఇసుక చేరి ఉండవచ్చును, లేదా పీడన నియంత్రకము చెడి ఉండవచ్చును. ఒక్క కుళాయిలోనే ధార సన్నగిల్లినచో దాని మూతిలోని జాలిని విప్పి కడిగిన చాలును. ఈ పరీక్ష చేయకయే పంపును మార్చుట అనవసరపు ఖర్చు.

పంపు అసలు తిరగనిచో ఫ్యూజు, బ్యాటరీ వోల్టేజి, తీగల అతుకులు చూడవలెను. తిరుగుచున్నను నీరు రానిచో ముందుగా ట్యాంకులో నీరు నిజముగా ఉన్నదో లేదో చూడవలెను. ట్యాంకు గోడకు పాచి, మురికి పట్టినపుడు సూచికలు తప్పు చూపుట సర్వసాధారణము. తరువాత పంపు ముందరి వడపోత గిన్నె మూత బిగువుగా ఉన్నదా అని చూడవలెను. అక్కడ నీరు కారకపోయినను గాలి చొరబడుతుంది. ఘనీభవన నిరోధకమును పీల్చుటకు త్రిప్పిన కవాటము యథాస్థానమునకు త్రిప్పక మరచుట మరియొక కారణము.

కుళాయిలు మూసి ఉన్నను పంపు కొంత సేపటికొకసారి కొద్ది క్షణాలు తిరిగి ఆగుట ఉపేక్షింపరాని లక్షణము. ఎక్కడో పీడనము తగ్గుచున్నదని దీని అర్థము. మరుగుదొడ్డి కవాటము, పంపు అతుకులు, సింకు క్రింది గొట్టములను పొడి కాగితముతో తుడిచి తడిని వెదకవలెను. ఎక్కడా తడి లేనిచో పంపులోని ఏకదిశా కవాటము గుండా నీరు ట్యాంకులోనికే తిరిగి పోవుచుండవచ్చును. ఇదే లోపము వలన, బయటి గొట్టము తగిలించినపుడు ట్యాంకు దానంతట నిండి వాహనము క్రింద పొర్లుతుంది. కనబడని కారుడు నెలల తరబడి సాగినచో ప్లైవుడ్ నేల కుళ్ళిపోతుంది. దాని మరమ్మతు పంపు ధరకు ఎన్నో రెట్లు. ప్రయాణములో పంపు స్విచ్చిని ఆపి ఉంచుట మేలు.

వేడినీరు

వేడినీరు గోరువెచ్చగానే వచ్చుచున్నచో హీటరు ప్రక్కమార్గపు కవాటాలను, వెలుపలి స్నానపు కుళాయిని చూడవలెను. వెలుపలి కుళాయి రెండు పిడులు తెరచి, చేతిగొట్టము చివర మాత్రమే మూసినచో చన్నీరు వేడినీటిలో కలుస్తుంది. హీటరు ఖాళీగా ఉన్నపుడు విద్యుత్తు ఇచ్చినచో దాని తాపక కడ్డీ త్వరలోనే మాడిపోతుంది. వేడినీటికి మాత్రమే కుళ్ళిన గ్రుడ్ల వాసన ఉన్నచో, అది హీటరులోని బాక్టీరియా, మెగ్నీషియం కడ్డీల చర్య వలన పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు.

జాగ్రత్తలు

విడిది స్థలాలలో పీడనము కొన్నిచోట్ల 80 పౌండ్లు దాటుతుంది కనుక, కుళాయి వద్దనే 40-50 పౌండ్ల నియంత్రకము అమర్చవలెను. త్రాగునీటికి తగినదని గుర్తింపు ఉన్న గొట్టమునే వాడవలెను. ట్యాంకు శుద్ధికి ప్రతి 15 గ్యాలన్లకు (సుమారు 57 లీటర్లు) పావు కప్పు సువాసన లేని బ్లీచి ద్రవము కలిపి, అన్ని కుళాయిలకు పారించి, కొన్ని గంటలు ఉంచి, వాసన పోవునంత వరకు కడుగుతారు.

శీతాకాలమునకు ముందు హీటరును ఖాళీ చేసి, ప్రక్కమార్గము తెరచి, గొట్టములలో గులాబి రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవము నింపుతారు. మోటారు రేడియేటరులలో సాధారణముగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషము. దానిని త్రాగునీటి గొట్టములలో ఎన్నడూ పోయరాదు.