రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ)

రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనంతపురం కేంద్రంగా మెట్ట రైతులకు, దళిత, గిరిజన కుటుంబాలకు అండగా నిలిచిన స్వచ్ఛంద సంస్థ. 1969లో విన్సెంట్ ఫెర్రర్ (1920–2009) స్థాపించారు.

బార్సిలోనాలో పుట్టిన ఫెర్రర్ 1952లో జెసూట్ మిషనరీగా భారత్ వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బావి తవ్వుకునే రైతుకు గోధుమలు, నూనె ఇచ్చి పని సాగించడం ఆయన పద్ధతి. అది కొందరికి కంటగింపయింది. 1968లో దేశం విడవాల్సి వచ్చింది. మరుసటి ఏడు అనంతపురం చేరారు.

సాలుకు సుమారు 550 మి.మీ. వాన, వేరుశనగ తప్ప వేరే ఆధారం అంతంతమాత్రమైన జిల్లా అది. ట్రస్టు చేపట్టిన చెక్‌డ్యాములు, ఊటకుంటలు, డ్రిప్పు పైపులు అక్కడి రైతుకు ఎక్కువగా అక్కరకొచ్చాయి. చీనీ (బత్తాయి), మామిడి తోటలు పెరిగాయి. ట్రస్టు నడిపే బత్తలపల్లి ఆసుపత్రి 2000లో మొదలైంది.

నిధుల్లో సింహభాగం స్పెయిన్ దాతలది. అక్కడ 1996లో విన్సెంట్ ఫెర్రర్ ఫౌండేషన్ ఏర్పడింది. బలమూ చిక్కూ ఇక్కడే. విదేశీ విరాళాలకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయిదేళ్లకోసారి రెన్యువల్ కావాలి. 2020 సవరణతో పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది, విరాళాలు ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖకు చేరాలి. ఆర్డీటీ రెన్యువల్ ఆగడంతో 2025లో అనంతపురంలో ఆందోళనలు జరిగాయి.

విదేశీ నిధులతో నడిచే రైతు సంస్థలకు ఇలాంటి తగవు పాలస్తీనాలోనూ ఉంది. 1986లో ఏర్పడిన వ్యవసాయ పని కమిటీల యూనియన్‌ను ఇజ్రాయెల్ 2021 అక్టోబరులో ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. నెదర్లాండ్స్ 2022 జనవరిలో దానికి నిధులు ఆపేసింది.